అజాన్ వేళకు తెరుచుకునే వాల్వు

"ముబాషిరా! ఓ ముబాషిరా! యాడున్నావు మ్మే? మేడం కారు గుట్టెక్కుతాంది!"

మాతో డ్యూటీ చేసే మాలకొండయ్య మామ మెట్ల దగ్గర నిలబడి కేకేస్తున్నాడు. నేను కంట్రోల్ రూము వెనక కిటికీ పక్కన, చేతి అద్దం పట్టుకుని కళ్లకు సుర్మా పెట్టుకుంటున్నాను. రోజూ సాయంత్రం డ్యూటీకి అట్ల పెట్టుకోవడం అలవాటు. ఆ రోజు మాత్రం ఏడ్చినట్టు కనపడకూడదని పెట్టుకున్నాను.

మామ లోపలికి వచ్చి నా మొహం చూసినాడు. "సుర్మాలు గిర్మాలు... వచ్చేది పెళ్లికొడుకు కాదు, కంప్యూటర్లో ఉన్నది తుడిపేసే మేడం," అన్నాడు. నవ్వించాలనే అన్నాడు పాపం. మళ్లీ తనే నాలుక కరుచుకుని, బల్ల మీద ఉన్న తుండు తీసి భుజాన వేసుకున్నాడు.

మా నీళ్ల స్టేషన్ మార్కాపురం బయట ఒక చిన్న గుట్ట మీద ఉంటుంది. కిటికీలోంచి చూస్తే పలకల గనుల దగ్గర పోసిన నల్లరాతి చెత్త కుప్పలు కుప్పలుగా కనపడుతుంది. ఎండ వాలేటప్పుడు ఆ కుప్పల అంచులు వెండిలాగా మెరుస్తాయి. మా గదిలో నేలకు కూడా ఆ పలక రాళ్లే పరిచినారు. ఎండాకాలం చెప్పులు విడిచి నిలబడితే అరికాళ్ల నుంచి గుండె దాకా చల్లగా పాకుతుంది. ఇక్కడి నుంచి మంచినీళ్లు పైపుల్లో చాలా దూరం పోతాయి. బోరు నీళ్లు తాగి పళ్లు పచ్చబడి, మోకాళ్లు వంకరపోయిన ఊళ్లకు. ఆ లైను చిట్టచివర పుల్లలచెరువు దాటినాక, అడవి అంచున ఒక చిన్న పల్లె ఉంది. అది నాగులు వాళ్ల పల్లె.

నా పని రెండు స్క్రీన్లు చూడటం. ఎడమ పక్కది అసలు స్టేషన్. మోటార్లు, ట్యాంకులు, వాల్వులు, అన్నీ గీతలుగా, రంగులుగా కనపడతాయి. కుడి పక్కది కూడా అచ్చం అదే. కానీ అది నిజం కాదు. కంప్యూటర్ లోపల మాత్రమే ఉండే స్టేషన్. ఫెబీ మేడం విజయవాడ నుంచి వచ్చి పెట్టించింది. డిజిటల్ ట్విన్ అంటారంట. మేము కవల అనేవాళ్లం.

నాది ఇంటర్ తప్పిన చదువు. అందుకే మేడం నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఎక్కడో కూర్చున్న దొంగలు ఇంటర్నెట్‌లోంచి దూరి మన మోటార్లు ఆపేయొచ్చు, వాల్వులు తిప్పేయొచ్చు ముబాషిరా. పైగా నీ స్క్రీన్ మీద అంతా బాగున్నట్టే చూపిస్తారు. నువ్వు మోసపోతావు. కవల మోసపోదు. మీరు రోజూ పని ఎలా చేస్తారో అది చూసి నేర్చుకుంటుంది. అసలుది ఎప్పుడైనా కొత్తగా ప్రవర్తిస్తే వెంటనే అరుస్తుంది. మొదటి కొన్ని నెలలు మీరు ఎప్పుడూ చేసినట్టే పని చేయండి. అంతే."

అప్పుడప్పుడు మేడమే విజయవాడలో కూర్చుని దొంగ వేషం కట్టేది. కవల మీద ఉత్తుత్తి దాడి చేసి, అది పసిగడుతుందో లేదో చూసుకునేది. జనం తాగే నీళ్లతో అట్ల ఆడుకోకూడదు కదా. అందుకే కవల.

మేము ఎప్పుడూ చేసినట్టే పని చేసినాము. నాగులు కూడా ఎప్పుడూ చేసినట్టే చేసినాడు.

లైను చివరి వాల్వు చూసుకునే ఉద్యోగం నాగులుది. పై ఊళ్ల ట్యాంకులు నిండినాకే ఆ పల్లెకు నీళ్లు వదలాలని రూలు. పై ఊళ్లవి ఎప్పుడు నిండేను, వీళ్లకు ఎప్పుడు వచ్చేను? అందుకని పొద్దు గూకేటప్పుడు కాసేపు, ఎవరికీ చెప్పకుండా, నాగులు ఆ వాల్వు తిప్పేవాడు. తిప్పే ముందు స్టేషన్ ఫోన్‌కు చేసేవాడు.

"కంప్యూటరమ్మా, రవ్వంత సేపు అట్ల కిటికీ తట్టు తిరుగు."

"ఎందుకంట?"

"నువ్వు చూస్తే రాయాల. రాస్తే నా ఉద్యోగం పోవాల. సూర్యుణ్ణి చూసుకోరాదూ, బాగుంటాడు."

"నీకేమొస్తది ఇట్ల చేస్తే?"

"మాయమ్మ బిందె నిండుతాది. ఇంగేం రావాల?"

నేను కిటికీ వైపు తిరిగేదాన్ని. కింద ఊళ్లో మసీదు నుంచి పొద్దు గూకే వేళ మగ్రిబ్ అజాన్ వచ్చేది. ఒకరోజు ఫోన్లో అది విని, "ఇదేదో బాగుందే, టైము చూసుకునే పని లేకుండా," అన్నాడు. ఆ తర్వాత నుంచి అజాన్ అయ్యేదాకా ఆగి వాల్వు తిప్పేవాడు. నేను ఫోన్ కిటికీ బయటికి పెట్టి అతనికి అజాన్ వినిపించేదాన్ని. అతను ఫోన్ పైపుకు ఆనించి నాకు నీళ్లు వినిపించేవాడు. ముందు గాలి, గుర్రుగుర్రుమని. తర్వాత ఎక్కడో దూరంగా, ఎవరో పట్టు చీర మడతలు విప్పుతున్నట్టు. తర్వాత నీళ్లు.

మా తట్టు ప్రతి మనిషికీ ఒక వరస ఉంటుంది. అన్నా, మామా, చిన్నాయనా. వరస లేకుండా ఎవరినీ పిలవం. నేను నాగులును అన్నా అనాలి. అనలేకపోయినాను. నోటి దాకా వచ్చి ఆగిపోయేది. అందుకే ఏ వరసా పెట్టకుండా "ఇదిగో" అనేదాన్ని. అతను కూడా నన్ను చెల్లీ అని ఒక్కసారి కూడా అనలేదు. అది చాలనుకున్నాను. మిగతాది ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను.

మా స్టేషన్లో ఇంకొక పద్ధతి ఉండేది. వాల్వు గుంతలోకి దిగే మనిషి, దిగే ముందు తన తువ్వాల తీసి పైన ఉన్న చక్రానికి కట్టి దిగుతాడు. తువ్వాల కనపడితే ఇంకెవరూ ఆ చక్రం ముట్టుకోరు. దిగినవాడు పైకి వచ్చి తనే విప్పుకోవాలి. మాలకొండయ్య మామ వయసులో ఉన్నప్పటి నుంచి అంతే. ఆ తువ్వాల మీద పెట్టిన నమ్మకంతో ఎంతమంది దిగినారో, ఎంతమంది పైకి వచ్చి మొహం తుడుచుకున్నారో.

తర్వాత వాల్వులకు మోటార్లు బిగించినారు. కంప్యూటర్ నుంచి నొక్కితే చక్రం దానంతట అదే తిరుగుతుంది. దిగే ముందు మోటారు ఫ్యూజు పీకేయాలని ఎవరో చెప్పినారు కూడా. మావాళ్లు తలలు ఊపినారు. తువ్వాల ఉంది కదా అనుకున్నారు. తువ్వాల మనుషులకు కనపడుతుంది. కంప్యూటర్‌కు కనపడదు. ఆ ముక్క మాలో ఒక్కరికి కూడా తట్టలేదు.

ఆ రోజు నేను లేను. కొమరోలులో మా ఖాలా, అంటే పిన్ని, కూతురి నిఖా. నాగులు గుంతలోకి దిగి, పైపు జాయింటు విప్పి, పాడైపోయిన రబ్బరు మారుస్తున్నాడు. పైన చక్రానికి తువ్వాల ఉంది. కింద ఊళ్లో అజాన్ అయింది.

వాల్వు తెరుచుకుంది.

డ్యూటీలో ఉన్న మామ స్క్రీన్ మీద చూసినాడు. ఎప్పటి మాదిరే నాగులు వాళ్లమ్మకు నీళ్లు ఇస్తున్నాడులే అనుకుని కిటికీ తట్టు తిరిగినాడు. కవల కూడా అరవలేదు. నెలల తరబడి చూసి నేర్చుకుంది కదా, ఆ వేళకు ఆ వాల్వు తెరుచుకోవడం మామూలే అని.

నాగులు వాళ్లమ్మ చెంచమ్మ కుళాయి దగ్గర చాలాసేపు కూర్చుందంట. నీళ్లు రాలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని కొడుకును వెతుక్కుంటూ గుంత దగ్గరికి పోయింది. గుంత నిండి పొర్లుతోంది. చక్రానికి కట్టిన తువ్వాల చక్రంతో పాటు తిరిగి తిరిగి, పేనిన తాడు మాదిరి బిగుసుకుపోయి ఉంది.

తర్వాత ఆఫీసు వాళ్లు వచ్చినారు. బయటి దొంగలు ఎవరో ఇంటర్నెట్‌లోంచి వాల్వు తెరిచినారన్నారు. నాగులు దొంగతనంగా నీళ్లు ఇచ్చి ఇచ్చి కవలను చెడగొట్టినాడని, అందుకే అది అరవలేదని అన్నారు. ఆ మాట పల్లెకు చేరేసరికి ఇంకొక రూపం తీసుకుంది. నాగులు ఆ దొంగలతో కలిసినాడంట, వాళ్ల చేతిలోనే పోయినాడంట. చెంచమ్మ మా ఇంటి దాకా వచ్చి, గడప అవతల నిలబడి అడిగింది. "నా బిడ్డ దొంగనా పాపా? నువ్వు ఆ మిషను కాడ కూర్చుంటావంట కదా. నువ్వు చెప్పు."

లోపలికి రమ్మని చేయి పట్టుకున్నాను. ఆమె రాలేదు.

నాగులు పోయిన మరుసటి రోజు నుంచి మొదలైంది.

అజాన్ అవుతూనే కవలలో చివరి వాల్వు తెరుచుకుంటుంది. ఎడమ పక్క అసలుది మూసే ఉంటుంది, తాళం వేసి. కుడి పక్క పచ్చగా వెలుగుతుంది. రెండూ కలవడం లేదని కంప్యూటర్ ఎర్రగా మెరుస్తుంది. మేడంకు ఫోన్ చేస్తే, "పాత అలవాటు ముబాషిరా. నేర్చుకున్నది చేస్తోంది, అంతే," అంది.

నేను మాత్రం అట్ల అనుకోలేకపోయినాను. మనిషి పోయినా అతని అలవాటు ఒకటి ఇంకా డ్యూటీ చేస్తోంది. నేను సాయంత్రం డ్యూటీలు అడిగి వేయించుకున్నాను. సుర్మా పెట్టుకుని, ఉతికిన దుపట్టా వేసుకుని, ఆ పచ్చ చుక్క కోసం కూర్చునేదాన్ని. అది వెలిగినాక కిటికీ వైపు తిరిగేదాన్ని. పిచ్చి అంటారా? అనుకోండి.

ఒక సాయంత్రం కింద ఊళ్లో కరెంటు పోయింది. మసీదు మైకు పలకలేదు. చీకటి పడింది. వేళ దాటిపోయింది. కవలలో వాల్వు తెరుచుకోలేదు. నేను గోళ్లు కొరుక్కుంటూ చూస్తున్నాను. చాలాసేపటికి కరెంటు వచ్చి, మైకులో రాత్రి నమాజుకు పిలిచే ఇషా అజాన్ మొదలైంది. అది అయిపోయినాక... అప్పుడు తెరుచుకుంది.

కవలకు చెవులు లేవు. మా గదిలో మైకు కూడా లేదు. అది ఎట్ల విన్నది?

ఆ సంగతి మేడంకు చెప్పినాను. ఆమె రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, "నేనే వస్తున్నాను. దాన్ని మొత్తం తుడిచేసి కొత్తగా పెడదాం," అంది.

అట్ల వచ్చింది ఆ రోజు.

ఫెబీ మేడం మునుపటి కంటే చిక్కిపోయింది. చేతులు చల్లగా ఉన్నాయి. చాయ్ ఇస్తే బల్ల మీద పెట్టేసి మరిచిపోయింది. కుర్చీ తిప్పుకుని, కుడి పక్క స్క్రీన్‌కు వీపు పెట్టి కూర్చుంది. పని చేయాల్సింది దానిమీదే. అయినా తన ల్యాప్‌టాప్ తెచ్చుకుని అందులోంచే చేస్తోంది. మామను జీపులో గుంత దగ్గరికి పంపించింది. తుడిచేటప్పుడు అసలు వాల్వు దగ్గర ఒక మనిషి ఉండాలంట.

మామ పోతూ పోతూ నా పక్కకు వచ్చి గొణిగినాడు. "ఎక్కువ ఆలోచన చేయొద్దు మ్మే. మిషన్ అది. తుడిపేస్తే నీకే మంచిది."

తలుపు మూసుకుంది. ఇద్దరమే మిగిలినాము.

"ఎంతసేపు పడుతుంది మేడం?"

"పొద్దు గూకేలోపల అయిపోవాలి." కిటికీ వైపు చూసింది. "అయిపోతుంది."

కవలలో ఒక్కొక్క ఊరే పోవడం మొదలైంది. ముందు మోటార్లు మాయమైనాయి. తర్వాత పెద్ద ట్యాంకు. తర్వాత లైను మీద ఊళ్లు ఒకటొకటిగా, ఎవరో దీపాలు ఆర్పుకుంటూ పోతున్నట్టు.

"మేడం, చివరి వాల్వు ఒక్కటి... అజాన్ దాకా ఉంచండి. తర్వాత తుడిచేయండి."

"ఎందుకు?"

"ఊరికే."

మేడం నా వైపు చూసింది. సుర్మా చెదిరినట్టుంది. "నువ్వు అతణ్ణి..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఆమె కళ్లు కూడా తడిగా ఉన్నాయి. అప్పుడు నాకు అర్థం కాలేదు ఎందుకో. "ఉంచలేను ముబాషిరా. నన్ను క్షమించు. ఉంచలేను."

నొక్కింది. చివరి వాల్వు కూడా పోయింది. కుడి పక్క స్క్రీన్ మొత్తం ఖాళీ బూడిద రంగు. ఆఖరి పని ఒకటి మిగిలిందంది. పోయిన వాటి జాడ కూడా లేకుండా చేయడం. ఆ చిన్న గీత నిండుతూ నిండుతూ పోతోంది.

బయట గనుల కుప్పల మీద ఎండ పోయింది. గదిలోకి ఒక వాసన వచ్చింది. తడి మట్టి. దాని వెనకే ఇనుము తుప్పు. క్లోరిన్. నేను మోటార్ల గది తలుపు చూసినాను. మూసే ఉంది.

అజాన్ మొదలైంది.

మేడం వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయినాయి. నేను అలవాటు చొప్పున లేచి కిటికీ తెరిచినాను. అజాన్ అయిపోయేదాకా ఇద్దరం కదల్లేదు. నిండుతున్న గీత చివరికి వచ్చి నిలబడిపోయింది.

ఖాళీ స్క్రీన్ మధ్యలో పచ్చ చుక్క వెలిగింది.

"లేదు," అంది మేడం. ఇప్పుడు అటు తిరిగింది. "అది ఇప్పుడు అందులో లేదు. నేను తీసేశాను. నువ్వు చూశావు కదా?"

"చూసినాను."

చుక్క పక్కన ఒక అంకె వచ్చింది. చిన్నది. మెల్లగా పెరుగుతోంది.

"ఏంది మేడం అది?"

"మట్టం." ఆమె గొంతు నాకు సరిగా వినపడలేదు. "నీళ్ల మట్టం. మీటర్లలో."

"దేనిది?"

మేడం వేలితో చూపించింది. ఆ చుక్క కింద పేరు ఉంది. వాల్వు గుంతది.

"గుంతలో మట్టం కొలిచే మిషన్ లేదు కదా మేడం?"

"లేదు."

స్టేషన్ ఫోన్ మోగింది. ఎగిరిపడినాను. మామ. స్పీకర్ పెట్టినాను.

"మామా, గుంతలో నీళ్లు ఉన్నాయా?"

"ఏం నీళ్లు మ్మే? టార్చి వేసి చూస్తాన్నా. ఎండిపోయి పగుళ్లు ఇచ్చినాది." కొంచెం ఆగినాడు. "కానీ ఈడ... చెంచమ్మ వచ్చినాది. పైపుకు చెవి ఆనిచ్చుకోని కూర్చోనుంది. ఎవురితోనో మాట్లాడతాంది మ్మే. నన్ను చూడటమే లే..."

"ఏం మాట్లాడతాంది?"

"ఊ కొడతాంది. అంతే. ఎవురో చెప్తావుంటే ఇన్నట్టు... ఊ... ఊ... అని."

అంకె పెరిగింది.

మేడం గబుక్కున కాళ్లు పైకి తీసుకుంది. కుర్చీలో ముడుచుకుని కింద చూస్తోంది. నేనూ చూసినాను. నల్లరాతి నేల. పొడిగా ఉంది. ఆమె చెప్పులు పక్కన పొడిగా ఉన్నాయి.

"చల్లగా ఉంది," అంది. "ముబాషిరా... చల్లగా..."

"ఏం లేదు మేడం. నేల పొడిగానే ఉంది."

అంకె పెరిగింది. మేడం కుర్చీ మీద నిలబడింది. అక్కడి నుంచి బల్ల మీదికి ఎక్కింది. చాయ్ గ్లాసు దొర్లి పగిలింది. రెండు చేతులూ ఎత్తి పట్టుకుంది. నడుము లోతు నీళ్లలో నడిచే మనిషి చేతులు ఎత్తి పట్టుకుంటుందే, అట్ల. బల్ల మీద అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. బట్టలు ఒంటికి అతుక్కుని, ఆమె చుట్టూ మెల్లగా ఊగుతున్నాయి. గదిలో గాలి లేదు.

నా కాళ్లకు ఏమీ తగల్లేదు.

అది చెప్పాలి. ఆమె అరుస్తుంటే నాకు భయమేసింది, నిజమే. కానీ ఆ భయం అడుగున ఇంకొకటి ఉంది. చెప్పుకుంటే సిగ్గు. ఇన్ని సాయంత్రాలు నేను కూర్చున్నాను. ఇంత కాచుకున్నాను. వచ్చినవాడు ఆమె దగ్గరికి వచ్చినాడు. నన్ను తాకను కూడా తాకలేదు.

అంకె... భుజాల దాకా.

మేడం మునివేళ్ల మీద లేచింది. గడ్డం పైకెత్తి, మొహం పైకప్పుకు పెట్టి, నోటితో గాలి పీలుస్తోంది. ఆ శబ్దం... నేను ఎప్పుడూ వినలేదు. నాగులు ఆఖరికి ఇదే చప్పుడు చేసినాడేమో. ఎవరూ వినని చప్పుడు.

"మేడం! ఏం కావాలంట? ఏం అడుగుతాన్నాడు?"

"నేనే," అంది.

"ఏంది?"

"నేనే... తెరిచింది."

ఫోన్లో మామ ఊపిరి వినపడుతోంది. అతనికి కూడా వినిపించింది.

"గట్టిగా చెప్పండి మేడం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆయమ్మ ఆడనే ఉంది. గట్టిగా చెప్పండి."

ఆమె కళ్లు మూసుకుంది. నోట్లోకి నీళ్లు పోతున్నట్టు, మాట మధ్యలో మింగుతూ చెప్పింది.

"ఆ సాయంత్రం దాడి చేసి చూస్తున్నాను. కవల మీదే అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లో రెండు కిటికీలు తెరిచి పెట్టుకున్నాను... రెండూ ఒకేలా ఉంటాయి. నేనే అలా చేశాను, తేడా లేకుండా. చివరి వాల్వు తెరువు అని నొక్కాను. తెరుచుకుంది. కవల అరవలేదు. ఎందుకు అరవలేదా అని... నవ్వుకున్నాను కూడా. చాలాసేపటికి చూస్తే అది అసలుది. అసలుది. వెంటనే మూశాను. అప్పటికి..." దగ్గింది. "దొంగలెవరూ లేరు. ఎవరూ రాలేదు. నాగులు ఏ తప్పూ చేయలేదు. నేనే."

ఫోన్లో గాలి చప్పుడు. తర్వాత, చాలా దూరం నుంచి, ముసలి గొంతు.

"మాలకొండయ్యా, ఎవురు ఆ పాప?"

"మేడమమ్మా. కంప్యూటర్ మేడం."

"నా బిడ్డ దొంగ కాదంట."

"కాదంటమ్మా."

"ఊ," అంది చెంచమ్మ. "వాడూ అదే చెప్తాండాడు."

ఫోన్ కట్టయింది.

మేడం బల్ల మీద కూలబడింది. బట్టలు పొడిగా ఉన్నాయి. జుట్టు పొడిగా ఉంది. పెదాలు మాత్రం నీలంగా మారి వణుకుతున్నాయి. మోకాళ్లు కౌగిలించుకుని ఏడుస్తోంది, చిన్నపిల్ల మాదిరి. నేను దుపట్టా తీసి ఆమె భుజాల మీద కప్పినాను. ఎందుకు కప్పినానో తెలియదు. ఆమె మీద కోపం రావాలి. వచ్చే చోట ఏమీ మిగల్లేదు.

స్క్రీన్ వైపు చూసినాను. అంకె లేదు. చుక్క లేదు. గీత పూర్తిగా నిండింది. తుడిచేయడం అయిపోయింది.

పోయినాడు.

నిజం బయటపడినాక, తన పేరు తనకు దక్కినాక, ఇంక ఈ డ్యూటీ ఎందుకు అతనికి? పోయినాడు. నాకు ఒక్క ముక్క చెప్పకుండా. నన్ను చెప్పనివ్వకుండా. కిటికీ దగ్గరికి పోయి నిలబడినాను. కింద ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి. ఇప్పుడైనా అనొచ్చు కదా. వినేవాడు లేకపోయినా, ఒక్కసారి బయటికి అనొచ్చు కదా, అనుకున్నాను. ఏమని అనాలి? ఏ వరసతో పిలవాలి? వరస వద్దు. పేరు పెట్టి పిలుస్తాను.

చేతిలో స్టేషన్ ఫోన్ మోగింది.

నాగులు నంబరు. ఆ ఫోన్ అతనితో పాటు గుంతలో నానిపోయింది. అతనితో పాటే మట్టిలో పెట్టినారు.

చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు గాలి. తర్వాత దూరంగా... పట్టు మడతలు విప్పుతున్నట్టు. తర్వాత నీళ్లు. కళ్లు మూసుకున్నాను. అనేయాలి. ఇప్పుడే అనేయాలి. ఊపిరి తీసుకున్నాను.

నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ఎవరో వింటున్నారు. నన్ను కాదు. అక్కడే, అతని పక్కనే ఉన్న ఇంకెవరినో.

ఒక ఆడపిల్ల గొంతు. సిగ్గుపడుతూ, మెల్లగా. కాని స్పష్టంగా.

"నాగులూ... నువ్వంటే నాకు ఇష్టం. మొదటి నుంచీ ఇష్టమే."

అది నా గొంతే. కవల నేర్చుకున్నది ఒక్క నాగులునే కాదు, నన్ను కూడా.

నేనింకా నోరు తెరవలేదు.